ఆరిన బాయిలర్ పొగ

పోయిన వారం మనం కోడల్ని లాండ్రీ గుమ్మం బయట నిలబెట్టి వచ్చాం. పొద్దున ఆఫీసుకు బయల్దేరినప్పుడు ఆ గుమ్మం ఆమెకు అత్తవారిల్లు. తిరిగి వచ్చేసరికి భుజాన మున్సిపాలిటీ సంచి వేలాడుతోంది. సంచిలో తీగ చుట్ట, సీసం బిళ్ళలు, వాటిని నొక్కే పటకారు ఉన్నాయి.

ఊళ్ళో పొగ తగ్గించాలని మున్సిపాలిటీ పట్టుబట్టిన ఈ చలికాలంలో ఆ వార్డుకు పొగ ఇన్‌స్పెక్టరు ఆమే. లేత బూడిద నుంచి నలుపు దాకా వరసగా రంగులు అచ్చువేసిన ఒక కార్డును చెయ్యి చాచి ఆకాశానికి ఎదురుగా పట్టుకోవాలి. గొట్టంలోంచి వచ్చే పొగ ఏ రంగుకు సరిపోతుందో చూడాలి. మూడో రంగు దాటితే తప్పు. రెండుసార్లు హెచ్చరిక, మూడోసారి సీలు. వీధిలో పిల్లలు ఆమెకు కార్డమ్మ అని పేరు పెట్టేశారు.

ఆ కార్డుతోనే ఆమె బేకరీ బాబాయి కట్టెల పొయ్యికి సీలు వేసింది. మరి మీ అత్త గొట్టం మాటేమిటని ఆ రోజు ఆయన వీధంతా వినేలా అడిగాడు. నల్లగా వస్తే దానికీ వేస్తానని ఆమె జవాబిచ్చింది. నల్లగానే వచ్చింది. ఒకసారి కాదు, మూడోసారి కూడా.

సీలు పడిన లాండ్రీకి ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లు పంపరు. ఆసుపత్రి దుప్పట్లు రాకపోతే ఆ లాండ్రీ నడవదు. భర్త పోయాక అత్త ఆ యంత్రాల మధ్యే నిలబడి కొడుకుని పెంచింది, కోడల్ని తెచ్చుకుంది, ఇస్త్రీ చేసే ఆడవాళ్ళకు పని చూపించింది. ఇవన్నీ తెలిసిన కోడలే ఇప్పుడు సంచితో వచ్చింది.

వీధి వీధంతా అక్కడే ఉంది. బేకరీ బాబాయి చేతులు కట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. పని లేని మనిషి కదా, తీరిగ్గా ఉన్నాడు.

"కుర్చీ వేయించమంటారా ఇన్‌స్పెక్టరమ్మగారూ? మా పొయ్యి దగ్గర పాపం నిలబడే వేశారు" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. తలెత్తి గొట్టం వైపు చూసింది. వెనక పెరట్లోంచి లేచిన ఆ పాత ఇటుకల గొట్టం ఇంటి కప్పు కంటే చాలా ఎత్తు. దాని మూతి దగ్గర నల్లటి పొగ ముద్దగా లేచి, గాలి లేక అక్కడే తచ్చాడి, మెల్లగా వీధి మీదికి వాలుతోంది.

అత్త లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముందు కోడలి మొహం చూసింది, తర్వాత సంచి, ఆ తర్వాత కాళ్ళు.

"చెప్పులు బయట విప్పు. మున్సిపాలిటీ చెప్పులైనా సరే, లోపల ఉతికిన బట్టలున్నాయి" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. కోడలు చెప్పులు విప్పింది.

నిన్న సాయంత్రం నుంచి అత్త ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే. నిన్న ఇద్దరికీ పెద్ద గొడవేం జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది. అత్త కొత్త బాయిలర్ కొన్నది మున్సిపాలిటీ మాట విని. ఊకను అచ్చుపోసిన ఇటుకలు కాలిస్తే పొగ పలచగా, తెల్లగా వస్తుందని వాళ్ళే చెప్పారు. ఆ ఇటుకలు తప్ప తన బాయిలర్‌లో ఇంకేమీ వెయ్యలేదని అత్త వారం రోజులుగా చెబుతోంది. నిన్న కోడలు ఉండబట్టలేక ఒక మాట అడిగింది. ఆసుపత్రి నుంచి చిరిగిపోయిన రబ్బరు షీట్లు కూడా వస్తుంటాయి కదా, పొరపాటున అవేమైనా పొయ్యిలోకి వెళ్తున్నాయా అని. అత్త తింటున్న కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. భర్త ఆసుపత్రి దుప్పట్లు మోసే లాండ్రీ వాన్ కడగాలని బయటికి వెళ్ళాడు. ఈమధ్య అతను ఆ వాన్‌ను రోజూ కడుగుతున్నాడు.

పొద్దున ఆఫీసులో ఆమె సీలు సామాను తీసుకుంటుంటే పై అధికారి లోపలికి పిలిచాడు. ఎప్పుడూ గొంతు పెంచడు కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని మెత్తని సారు అంటారు. ఈసారికి ఆ లాండ్రీని వదిలెయ్యమని ఆయన చెప్పాడు. ఇంట్లో మనశ్శాంతి పోగొట్టుకోవడం ఎందుకన్నాడు. ఆ సంగతి తాను చూసుకుంటానన్నాడు. ఆ జాలికి ఆమె నమస్కారం పెట్టింది. అయినా మరి బేకరీ ఆయనకు ఏం చెప్పమంటారు సార్ అని అడిగింది. సంచి తీసుకుని వచ్చేసింది.

లాండ్రీ లోపల వేడి, సబ్బు వాసన, తడి గుడ్డల బరువు. ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు చేతిలో పని ఆపేశారు. కిటికీ పక్కన తాళ్ళ మీద తెల్లటి దుప్పట్లు ఆరుతున్నాయి. దాటి వెళ్తూ కోడలు వాటిని చూసింది. అంచుల నిండా ఆవగింజలంత మసి చుక్కలు. కింద బుట్టలో ఇంకో కుప్ప ఉంది. ఉతికి, ఆరేసి, మసి పడితే మళ్ళీ ఉతకడానికి తీసినవి.

ఆ బుట్ట వారం రోజులుగా అక్కడే ఉంది. ఆమె రోజూ దాన్ని దాటుకుంటూనే పనికి వెళ్ళింది. తన దుప్పట్ల మీద తానే మసి పోసుకునే పిచ్చి మనిషి ఎవరైనా ఉంటారా అని ఇప్పుడనిపించింది. ఇన్ని రోజులూ అనిపించలేదు.

పెరట్లో బాయిలర్ ముందు అత్త ఆగింది. బేకరీ బాబాయి, ఇంకొందరు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రావద్దని ఎవరూ అనలేదు.

"మండుతున్న పొయ్యికి సీలు వేస్తావా, ఆర్పాక వేస్తావా?" అత్త అడిగింది.

ఆర్పాకే వెయ్యాలని కోడలు చెప్పింది.

"అయితే పక్కకి జరుగు."

ఆర్పడానికి మనిషిని పిలవలేదు. అత్త తనే ఆవిరి వదిలింది. అది చెవులు గింగురుమనేలా అరిచి పోయింది. ఇనప తలుపు తెరిచి, పొడుగు పారతో ఎర్రగా కాలుతున్న ఊక ఇటుకల్ని రేకు మీదికి లాగింది. ఒక్కొక్క ఇటుకా లాగేటప్పుడు దాన్ని పైకెత్తి గుమ్మంలో వాళ్ళకు చూపించింది, బజార్లో బేరానికి పెట్టినట్టు. రబ్బరు లేదు, గుడ్డపేలిక లేదు. అన్నిటినీ పెరడు మధ్యకు ఈడ్చుకెళ్ళి బకెట్లతో నీళ్ళు కుమ్మరించింది. తెల్లటి ఆవిరి లేచి ఆమె మొహాన్ని కప్పేసింది. అది తొలగేసరికి ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిరి వల్లో, మరొకందుకో ఎవరూ అడిగే ధైర్యం చెయ్యలేదు.

"చూసుకో" అంది కోడలితో. "లోపల ఏముందో చూసుకుని వేసుకో నీ సీలు."

కోడలు వంగి చూసింది. పొయ్యి ఖాళీగా ఉంది. తీగ తీసి తలుపు పిడికీ గడియకీ కలిపి చుట్టింది. సీసం బిళ్ళ ఎక్కించి పటకారుతో నొక్కింది. ఆ చిన్న చప్పుడుకి లోపల ఇస్త్రీ బల్లల దగ్గర ఎవరో ముక్కు చీదారు.

అయిపోయింది. ఆమె తలెత్తి అత్త మొహం చూడలేకపోయింది. ఎక్కడో చూడాలి కాబట్టి పైకి చూసింది.

గొట్టంలోంచి పొగ వస్తోంది.

అందరూ పైకి చూశారు. గొట్టంలో మిగిలిపోయిన పొగ అయి ఉంటుందని, కాసేపటికి పోతుందని బేకరీ బాబాయే అన్నాడు. ఆయన జీవితమంతా పొయ్యి ముందు గడిపినవాడు. అందరూ ఆగారు. పొగ తగ్గలేదు. ఇందాకటి కంటే చిక్కగా, జిడ్డు జిడ్డుగా వచ్చింది. కోడలు అలవాటు కొద్దీ సంచిలోంచి కార్డు తీసి చెయ్యి చాచి పట్టుకుంది. మూడో రంగు దాటింది. నాలుగోదీ దాటింది. కాలిన రబ్బరు వాసన పెరట్లోకి దిగింది.

బేకరీ బాబాయి కట్టుకున్న చేతులు విప్పేశాడు. పొయ్యి తలుపు దగ్గరికి వెళ్ళి, వంగి, సీలు కదపకుండా ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు. అప్పుడే గోరువెచ్చగా దిగిపోతోంది.

"వదినా, ఈ పొయ్యిది కాదు ఆ పొగ" అన్నాడు. ఇప్పుడు గొంతులో వెటకారం లేదు.

"వారం నుంచి నేను చెప్పింది ఏ భాషలో?" అంది అత్త.

ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది. లాక్కెళ్ళినట్టే తీసుకెళ్ళి గొట్టం మొదట్లో, వెనక గోడకు ఆ అరచెయ్యి ఆనించింది. చురుక్కుమనడంతో కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడ కాలుతోంది.

ఆ గోడకు అవతల ఉన్నది మున్సిపాలిటీ చెత్త డిపో.

అప్పుడు అత్త చెప్పింది. ఇటు లాండ్రీ, అటు డిపో ఒకప్పుడు ఒకే బట్టల మిల్లు. రెండు పొయ్యిలకు కలిపి ఒకటే గొట్టం. మిల్లు మూతపడ్డాక వెనక భాగం మున్సిపాలిటీ ఉంచుకుంది, గొట్టంతో సహా ముందు భాగాన్ని మామగారు వేలంలో కొనుక్కున్నారు. అవతలి పొయ్యి మూతిని ఇటుకలతో కట్టేశామని అప్పుడు వాళ్ళు చెప్పారు, మామగారు నమ్మారు, ఇవాళ్టిదాకా అత్త కూడా నమ్మింది. మామగారే ఎలాగూ కట్టించుకుంటారని బహుశా వాళ్ళు అనుకున్నారు. మొత్తానికి ఎవరూ కట్టలేదు.

మిగిలింది కోడలికే తెలుసు. చెత్తను ఆరుబయట తగలబెట్టకూడదని ఈ చలికాలం మొదట్లో మున్సిపాలిటీ గట్టిగా ఉత్తర్వు వేసింది. ఆ కాగితాలు వీధి వీధికీ అంటించిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. డిపోకు చేరిన చెత్తను లారీల్లో ఊరి బయటికి తరలించాలి. దానికి శ్రమ ఎక్కువ. లోపల పాత పొయ్యి ఒకటి ఖాళీగా పడి ఉంది. అందులో వేస్తే మంట ఎవరికీ కనపడదు. పొగ మాత్రం లాండ్రీ గొట్టంలోంచి, లాండ్రీ పేరు మీద, ఊరంతటికీ కనపడేలా పోతుంది.

ఈసారికి వదిలెయ్యమ్మా, నేను చూసుకుంటాను అన్న మెత్తని గొంతు ఆమెకు మళ్ళీ వినిపించింది. గొట్టానికి సీలు పడితే ఆ పొగ ఎటు పోవాలో పొద్దున్నే లెక్క వేసుకున్న మనిషి గొంతు అది. దాన్ని జాలి అనుకునే ఆమె నమస్కారం పెట్టింది.

"నేను మిమ్మల్ని నమ్మలేదు అత్తయ్యా" అంది.

"నమ్మలేదని నాకు తెలుసు. దాని మీద తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం. ఇప్పుడొక మాట చెప్పు. నువ్వు పొగ ఆపడానికి వచ్చావా, నా బాయిలర్ ఆపడానికి వచ్చావా?"

కోడలు సంచిలోంచి సీలు ఉత్తర్వు తీసి చూసింది. గొట్టానికి సీలు వెయ్యాలని అందులో రాసి ఉంది, బాయిలర్‌కని లేదు. పొయ్యి మూసేస్తే గొట్టం ఆగిపోతుందనేది అందరి అలవాటు, అంతే. ఇంతటితో సంచి సర్దుకుని వెళ్ళిపోయినా ఆమెను తప్పుపట్టేవాళ్ళు లేరు. వేసిన సీలు వేసినట్టే ఉంటుంది. లాండ్రీ మూతపడుతుంది. పొగ రేపు కూడా వస్తుంది.

గొట్టం మెడ దగ్గర, రెండు పొయ్యిల దారులూ కలిసిన చోటుకి పైన, అడ్డంగా మూసే ఇనప పలక ఒకటుంది. మిల్లు రోజుల్లో గొట్టం శుభ్రం చేసేటప్పుడు మూసేవారట. దాని గొలుసు గోడ పక్కన తుప్పు పట్టి వేలాడుతోంది. కోడలు ఆ గొలుసు రెండు చేతులా పట్టుకుని లాగింది. కదల్లేదు. అత్త వచ్చి తన చేతులు కూడా వేసింది. బేకరీ బాబాయి ఒక్క క్షణం ఆలోచించాడు.

"మా పొయ్యికి వేసేటప్పుడు ఇంత కష్టపడలేదు నువ్వు" అని గొణుగుతూ ఆయనా వచ్చి పట్టుకున్నాడు.

గొలుసు గీరుకుంటూ దిగింది. పైన ఎక్కడో ఇనుము ఇటుకల మీద పడిన బరువైన చప్పుడు వినిపించింది. మసి పెచ్చులు పెచ్చులుగా లోపల రాలింది. కోడలు గొలుసును గోడలోని కొక్కేనికి తగిలించి, తీగ చుట్టి, రెండో బిళ్ళ నొక్కింది.

గొట్టం మూతి దగ్గర పొగ పలచబడింది. దారాల్లా సాగింది. ఆగిపోయింది. వెనక ఆకాశం కనపడింది. అదేమంత నీలంగా లేదు, కానీ ఆకాశమే. ఇస్త్రీ ఆడవాళ్ళు పెరట్లోకి వచ్చేశారు.

అంతలో గోడకు అవతలి నుంచి ఎవరో దగ్గారు. ఇంకెవరో అరిచారు. ఆ తర్వాత డిపో రేకుల కప్పు అంచుల్లోంచి, పగిలిన కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి పొగ బయటికి తన్నుకొచ్చింది.

కోడలి సంచిలో ఫోను మోగింది. మెత్తని సారు.

"గొట్టం తెరువు" అన్నాడు. గొంతు ఈసారి అంత మెత్తగా లేదు. "ఇప్పుడే, ఈ నిమిషమే."

"ఎందుకు సార్? అది మా అత్తగారి గొట్టం కదా."

తెరవకపోతే రేపటినుంచి కార్డు పట్టుకునే పని ఉండదని ఆయన నిదానంగా చెప్పాడు.

"ఈరోజు ఉంది కదా సార్" అంది ఆమె. ఫోను పెట్టేసింది.

అత్త వైపు తిరిగితే అత్త అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. వీధి చుట్టూ తిరిగి డిపో గేటు దగ్గరికి నడిచారు. ముందు కోడలు, పక్కన అత్త, వెనక బేకరీ బాబాయి, ఇస్త్రీ ఆడవాళ్ళు, దారిలో కలిసినవాళ్ళు. డిపోకు కూడా సీలు వేసే ధైర్యం ఉందా అని ఎవరో అడిగారు. ధైర్యం మాట పక్కన పెట్టండి, సంచిలో బిళ్ళలున్నాయా అని బేకరీ బాబాయి అడిగాడు. ఉన్నాయని కోడలు చెప్పింది.

గేటు లోపలినుంచి వేసి ఉంది. దాని పైనుంచి పొగ ఉబికి వస్తోంది. మొదటి హెచ్చరికైనా, సీలైనా, ముందు కార్డు చూడాలి. అది లేకుండా ఏదీ చెల్లదు. బేకరీకి అలాగే చూసింది, అత్తకు అలాగే చూసింది. ఆమె వీధి మధ్యలో నిలబడి కార్డున్న చెయ్యి చాచింది.

గడియ తీసిన చప్పుడైంది. గేటు రెండు వైపులా తెరుచుకుంది. పొగలోంచి ఒక తెల్లటి వాన్ వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికి వచ్చింది. శుభ్రంగా కడిగిన వాన్. దాని పక్కన నీలం అక్షరాలతో లాండ్రీ పేరు ఉంది. అవి అత్త దగ్గరుండి రాయించిన అక్షరాలు. వెనక తలుపులు హడావుడిలో సరిగా పడలేదు. లోపల ఇంకా దించని రబ్బరు షీట్ల చుట్టలు, ఆసుపత్రి పరుపులు కనపడుతున్నాయి.

డ్రైవరు తలుపు తీసుకుని దిగాడు. మొహానికి కట్టుకున్న రుమాలు కిందికి లాక్కుని, గట్టిగా దగ్గి, నీళ్ళు కారుతున్న కళ్ళతో తలెత్తాడు. ఎదురుగా భార్య, ఆమె పక్కన తల్లి.

బేకరీ బాబాయి తల దించుకున్నాడు. వీధిలో ఒక్కరూ నవ్వలేదు.

కోడలి చెయ్యి కార్డుతో సహా మెల్లగా కిందికి దిగసాగింది.

మోచేతి కింద ఒక అరచెయ్యి వచ్చి ఆనింది. మసి పట్టిన, సబ్బు వాసన వేసే చెయ్యి. అది ఆమె చేతిని మళ్ళీ పైకెత్తింది, పొగకు ఎదురుగా, ఇందాకటి ఎత్తుకే.

"దించకు" అంది అత్త. కొడుకు మొహం మీంచి చూపు తిప్పలేదు. "ఏ రంగో చదువు. అందరికీ వినపడేలా చదువు."